పాత పడుగు కొసలు

డిసెంబరు సెలవులకి ముందు, శుక్రవారం సాయంత్రం. లాప్‌టాప్ ఆన్ చేస్తే రోజూ వచ్చే పట్టిక రాలేదు. నల్లటి తెర. పైన ఇంగ్లీషులో రెండు మూడు వరుసలు. కింద ‘గ్రబ్’ అన్న మాట, దాని పక్కన మిణుకు మిణుకుమంటూ చిన్న గీత. అంతే. ఆపి మళ్ళీ వేశాను. మళ్ళీ అదే తెర.

వెనకాల మంచం మీంచి మామ్మ ఎడమ చెయ్యి ఎత్తి చెవి దగ్గర పెట్టుకుంది. ఇయర్‌ఫోన్లు పెట్టమని. ఆవిడకి సాయంత్రం ఆరయితే చాలు, అదొక్కటే కావాలి.

“చార్జింగ్ లేదు మామ్మా, రేపు పెడతాను” అన్నాను.

చార్జింగ్ నిండుగా ఉంది. నేను మామ్మతో ఆడిన అబద్ధాల్లో ఇది పెద్దదేమీ కాదు గానీ, చెప్పాక గొంతులో ఏదో అడ్డం పడినట్టయింది.

ముందు మామ్మ సంగతి చెప్పాలి. మాది నేతపని చేసిన ఇల్లు. బరంపురం పట్టు చీర అంటే ఒడిశాలో అందరికీ తెలుసు. దాన్ని నేసిన ఇళ్ళలో చాలావాటిలో మాట్లాడేది తెలుగు అని బయట వాళ్ళకి అంతగా తెలీదు. తాత పోయాక మా ఇంట్లో మగ్గం ఆగిపోయింది. మగ్గం గుంట పూడ్చేసి, పైన సిమెంటు చేసి, ఇప్పుడక్కడ నాన్నగారు స్కూటర్ పెడతారు. మూడో సంవత్సరం ప్రాజెక్టుకి ఏం తీసుకుందామా అని నేను తలపట్టుకుని కూచుంటే, మన మేడమ్ అన్నారు, “మీ ఇంట్లో ఉన్నావిడ నోట్లో ఎన్ని మాటలున్నాయో ముందు లెక్కపెట్టు” అని.

పోయిన వేసవిలో రెండు నెలలు లెక్కపెట్టాను. మధ్యాహ్నం భోజనాలయ్యాక మామ్మ పక్కన ఫోను పెట్టి రికార్డు చేసేదాన్ని. నాడె, కండె, ఆసు, అచ్చు, పడుగు, పేక... నిఘంటువులో దొరికేవి కొన్ని, దొరకనివి కొన్ని. మాటకో కథ. ఠాకురాణి యాత్రకి రెండేళ్ళకోసారి ఊరంతా ఎలా మేలుకునేదో, పట్టు నూలు తడిసిపోతే తాత ఎవరిని తిట్టేవాడో, అన్నీ. మొత్తం 43 రికార్డింగులు, పదకొండు గంటలకి కొంచెం పైన. ఫోనులో చోటు చాలక, లాప్‌టాప్‌లోకి ఎక్కించినవి ఎక్కించినట్టే ఫోనులోంచి తీసేసేదాన్ని.

అక్టోబరులో మామ్మకి పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి, కుడి కాలు కొంచెం తేరుకున్నాయి. మాట తేరుకోలేదు. ‘ఊఁ’, ‘ఉఁహూఁ’, ‘అమ్మీ’ - ఈ మూడే స్పష్టంగా వస్తాయి. మిగిలినదంతా చేతితో చెప్తుంది. ఒకరోజు ప్రాజెక్టు కోసం రికార్డింగు వింటుంటే తనూ వింటానని చెయ్యి చాపింది. పెట్టాను. తన గొంతు తనే విని, ముందు భయపడింది, తర్వాత నవ్వింది. అప్పట్నుంచి రోజూ సాయంత్రం ఒక రికార్డింగు. తను చెప్పిన కథ తనే విని, అక్కడక్కడ ‘ఊఁ’ కొడుతుంది.

అవన్నీ ఉన్నది ఆ నల్ల తెర వెనకాల.

ఇక లాప్‌టాప్ సంగతి. అది మా పెద్దనాన్నగారి అబ్బాయి, అన్నయ్య, ఇంజనీరింగులో వాడుకున్నది. ఉద్యోగం వచ్చి బెంగళూరు వెళ్తూ నాకిచ్చాడు. 500 జీబీ డిస్కు. దాన్ని ముక్కలు చేసి మూడు సిస్టమ్‌లు పెట్టాడు. ఒక ముక్కలో మొదటి నుంచీ ఉన్న విండోస్ 10. ఇంకో ముక్కలో తన చదువుకి వాడుకున్న ఉబుంటు. మూడో ముక్కలో నా కోసం వేసవిలో పెట్టిన లినక్స్ మింట్. ఆ పాత యంత్రం విండోస్ 11కి సరిపోదట, 2025 అక్టోబరు 14తో విండోస్ 10కి మామూలు మద్దతు ఆగిపోతుందట, “నువ్వు తెలుగు టైపు చేసుకోడానికి ఇదే హాయి, అలవాటు చేసుకో” అన్నాడు. అలవాటయింది. విండోస్ కాలేజీ ఫారాలకీ, ప్రింటరుకీ మాత్రమే.

ఒక ఇంట్లో మూడు కాపురాలు అంటే చిన్న చిన్న తకరార్లు తప్పవు. మింట్‌లో పనిచేసి విండోస్‌లోకి వెళ్తే గడియారం అయిదున్నర గంటలు వెనక్కి వెళ్ళేది. రాత్రి తొమ్మిదయితే అక్కడ మధ్యాహ్నం మూడున్నర. చాలా రోజులు బ్యాటరీ పాడయిందనుకున్నాను. అసలు కారణం ఏమిటంటే, యంత్రం లోపల ఉన్న గడియారం ఒకటే. లినక్స్ దాన్ని గ్రీన్విచ్ సమయం అనుకుని దిద్దుతుంది, విండోస్ మన ఊరి సమయం అనుకుని చదువుతుంది. మనకీ గ్రీన్విచ్‌కీ తేడా అయిదున్నర గంటలు. ఇద్దరూ నిజమే చెప్తున్నారు, చదివే తీరు వేరు.

ఇంకోటి. విండోస్‌లోంచి చూస్తే మింట్ ఉన్న ముక్క కనిపిస్తుంది గానీ, లోపల ఏముందో విండోస్ తనంతట తను చదవలేదు. దాని రాత వేరు. మా నాన్నగారు తెలుగు గలగలా మాట్లాడతారు, ఒడియా బడిలో చదువుకున్నారు కాబట్టి తెలుగు అక్షరం ముందు పెడితే ముగ్గు చూసినట్టు చూస్తారు. అలాగన్నమాట. ‘ఇక్కడ ఏదో ఉంది, ఇంత ఉంది’ అని మాత్రం చెప్తుంది.

నా తప్పు అక్కడే జరిగింది.

ఆ శుక్రవారం మధ్యాహ్నం విండోస్‌లో చోటు చాల్లేదు. డిస్కు ముక్కల్ని చూపించే పట్టిక తెరిచాను. పేరు లేని ముక్కలు రెండు పెద్దవి కనిపించాయి. ఒకటి 60 జీబీ, ఒకటి 120. అన్నయ్య ఉబుంటు చిన్నది, నా మింట్ పెద్దది అని గుర్తు. అన్నయ్య ఇక దాన్ని వాడడు కదా అనుకున్నాను. చిన్నదాని మీద కుడి నొక్కు నొక్కితే వచ్చిన జాబితాలో అన్నీ వెలిసిపోయి ఉన్నాయి. వెలగని వాటి మధ్య వెలిగేది ఒక్కటే - ‘డిలీట్ వాల్యూమ్’. దాన్ని చదవలేదు, పేరు పెట్టలేదు, తెరవలేదు. తీసెయ్యడం మాత్రం చెయ్యగలదు. నిజంగా తీసెయ్యాలా అని అడిగింది. అవునన్నాను. ఒక్క క్షణం కూడా పట్టలేదు. ఆపి, కాలేజీకి వెళ్ళిపోయాను.

సాయంత్రం నల్ల తెర చూశాక మొదలయింది అసలు బాధ. నేను తీసింది నిజంగా 60దేనా? 120 దాని మీద నొక్కలేదు కదా? మధ్యాహ్నం అంతా తెలిసినట్టే ఉంది, రాత్రయ్యేసరికి ఏదీ తెలీలేదు. అన్నయ్యది తీశానా, మామ్మది తీశానా?

ఫోను చేసి అన్నయ్యని అడగొచ్చు. అడగలేదు. తిడతాడని కాదు. ‘పోయిందే’ అంటాడేమో అని. అడగనంతసేపూ పోనట్టే కదా.

శనివారం లాప్‌టాప్ సంచిలో పెట్టుకుని బజారులో ఒక రిపేరు షాపుకి వెళ్ళాను. అబ్బాయి తెర చూసి, ఒడియాలో, “ఇదేం పెద్ద పని కాదు దీదీ, మొత్తం ఫార్మాట్ చేసి కొత్తగా విండోస్ వేసిస్తాను, గంటలో అయిపోద్ది” అన్నాడు. లోపల ఉన్నవో అని అడిగాను. “ఇంక అవెక్కడుంటాయి? పోయాయి కాబట్టే ఇలా వచ్చింది” అన్నాడు. మంచిగానే చెప్పాడు, డబ్బులు కూడా ఎక్కువ అడగలేదు. టేబుల్ మీద లాప్‌టాప్ తనవైపు తిప్పుకున్నాడు. నేను మళ్ళీ నా వైపు తిప్పుకున్నాను. “ఇంట్లో అడిగి వస్తాను” అన్నాను. ఇంట్లో అడగడానికి ఎవరున్నారు, మామ్మ తప్ప.

ఆ సాయంత్రం కూడా చార్జింగ్ లేదు. మామ్మ నా మొహం కేసి చాలాసేపు చూసింది. ‘ఉఁహూఁ’ అంది. ఏం ఉఁహూఁ అన్నదో నాకు తెలుసు.

ఆదివారం రాత్రి ఇంక ఆగలేక అన్నయ్యకి ఫోను చేశాను.

“ఏటయిందే?”

“నీ ఉబుంటు తీసేశాను. లేకపోతే మామ్మది తీసేశాను. ఏది తీశానో తెలీటం లేదు.”

అటు కాసేపు మాట లేదు. తర్వాత, “తెర మీద ఏముంది, ఉన్నదున్నట్టు చదువు” అన్నాడు. చదివాను.

“సరే. ముందు ఏడుపు ఆపు. అది చచ్చిపోయిన తెర కాదు. తలుపు దగ్గర కూచున్న కాపలావాడు. ఎవరింటికి తీసికెళ్ళాలో చీటీ పోగొట్టుకుని, నిన్నే అడుగుతున్నాడు. ఎల్, ఎస్, రెండక్షరాలు కొట్టి ఎంటర్ నొక్కు.”

నొక్కాను. ఒక వరుస వచ్చింది. డిస్కు పేరు, దాని పక్కన ముక్కల నంబర్లు - 6, 4, 3, 2, 1.

“5 ఉందా?”

“లేదు.”

“6?”

“ఉంది.”

“5 నాది. 6 నీది. పోయింది నాదే.”

నేను నమ్మలేదు. చూపించమన్నాను. ఎల్‌ఎస్ కొట్టి, బ్రాకెట్లో ఆరో ముక్క పేరు రాసి, గీత గీసి, ‘హోమ్’ అని రాయమన్నాడు. నా పేరు కనిపించింది. ఇంకో గీత గీసి నా పేరు రాశాను. నా ఫోల్డర్లు. ఇంకో గీత గీసి ‘మామ్మ’ అని ఇంగ్లీషు అక్షరాల్లో రాశాను. నల్ల తెర మీద తెల్లగా, ఒకదాని వెనక ఒకటి, నాడె, కండె, ఆసు, తడి నూలు, యాత్ర, తాత కోపం... నేను పెట్టిన పేర్లన్నీ. ఇంగ్లీషు అక్షరాల్లో పెట్టుకున్నందుకు అంతకుముందు మేడమ్ కోప్పడ్డారు. ఆ రాత్రి మాత్రం ఆ అక్షరాలే కనిపించాయి కాబట్టి ఏమీ అనలేను.

లెక్కపెట్టాను. 43.

ఆ తర్వాత అన్నయ్య చెప్పింది, నాకు అర్థమైనంత వరకు, ఇక్కడ రాస్తాను. మనలో చాలామంది దగ్గర ఇలాంటి సెకండ్‌హ్యాండ్ యంత్రాలే ఉన్నాయి.

లాప్‌టాప్ ఆన్ చెయ్యగానే విండోస్ రాదు, లినక్స్ రాదు. ముందు మదర్‌బోర్డులో ఉండే ఫర్మ్‌వేర్ లేస్తుంది. దానికి డిస్కు మొత్తం చదవడం రాదు. డిస్కు మొదట్లో ఒక చిన్న ముక్క ఉంటుంది, నా దాంట్లో 100 ఎంబీ, ఈఎఫ్‌ఐ ముక్క అంటారు. అందరూ చదవగలిగే పాత ఫ్యాట్32 రాతలో ఉంటుంది. అందులో సిస్టమ్‌కో ఫోల్డరు. విండోస్‌ని లేపే ఫైలు మైక్రోసాఫ్ట్ అన్న ఫోల్డరులో, లినక్స్‌ని లేపే ఫైళ్ళు ఉబుంటు అన్న ఫోల్డరులో. వీటినే బూట్‌లోడర్లు అంటారు. గ్రబ్ అలాంటిదే. ఆ ఫోల్డరులో గ్రబ్‌కి ఒక చీటీ ఉంటుంది: ‘ఫలానా ముక్కకి వెళ్ళు, మిగతా పట్టిక అక్కడుంది’ అని.

ఇక్కడ తమాషా ఏమిటంటే, మింట్ కూడా తన ఫోల్డరుకి ‘ఉబుంటు’ అనే పేరే పెట్టుకుంటుంది. ఉబుంటు మీదే కట్టింది కదా. మా ఇంట్లో మామ్మ పేరు ఇద్దరు మనవరాళ్ళకి పెట్టారు. కొరియరు వస్తే ముందు ఎవరు తలుపు తీస్తే పార్సిలు వాళ్ళది. అలాగే ఆ ఫోల్డరులో ఎవరు ఆఖర్న చీటీ రాస్తే తలుపు వాళ్ళది. వేసవిలో మింట్ పెట్టినప్పుడు చీటీ మింట్ రాసింది. దసరాకి అన్నయ్య వచ్చి, ఏదో చూసుకుందామని తన ఉబుంటు తెరిచి, అప్‌డేట్లన్నీ చేశాడు. అప్పుడు చీటీ ఉబుంటు తిరగరాసింది. ఆ తర్వాత పట్టిక రంగు మారిందనీ, మింట్ మొదటి వరుసలోంచి కిందికి దిగిందనీ నేను చూశాను. పట్టించుకోలేదు.

అంటే దసరా నుంచి నేను రోజూ నా ఇంట్లోకి అన్నయ్య ఇంటి గుమ్మంలోంచి వెళ్తున్నాను. ఆ ఇల్లు నాకెందుకని పడగొట్టాను. నా ఇల్లు క్షేమంగానే ఉంది, దారి పోయింది.

“ఇప్పుడు లోపలికెళ్దాం” అన్నాడు. ‘కాన్ఫిగ్‌ఫైల్’ అని కొట్టి, ఆరో ముక్కలో బూట్, దాని లోపల గ్రబ్, దాని లోపల ఉన్న పట్టిక ఫైలు పేరు రాయించాడు. ఒక్క వరుస. ఎంటర్ నొక్కితే మింట్ తన సొంత పట్టిక చూపించింది. లోపలికి వెళ్ళాను. తర్వాత టెర్మినల్ తెరిచి ‘గ్రబ్-ఇన్‌స్టాల్’ ఒకటి, ‘అప్‌డేట్-గ్రబ్’ ఒకటి. మొదటిది ఈఎఫ్‌ఐ ముక్కలో చీటీని నా ముక్క పేరుతో తిరగరాసింది. రెండోది పట్టికని కొత్తగా తయారు చేసింది. విండోస్ కూడా అందులో కనిపించింది. రిపేరు షాపులో గంట పని అన్నది, ఇంట్లో ఫోను మీద పావుగంట పట్టింది. ఒక్క ఫైలు పోకుండా.

అయిపోయిందనుకున్నాను. చూస్తే వైఫై లేదు.

“అదేంటి, మొన్నటిదాకా ఉంది” అన్నాను. ఈసారి అన్నయ్య నవ్వాడు. ఆ వైఫై చిప్‌కి డ్రైవరు మింట్‌తో పాటు రాలేదు, వేసవిలో తనే విడిగా తెచ్చి కట్టాడు. లినక్స్‌లో డ్రైవరు కెర్నెల్‌కి అతుక్కుని ఉంటుంది. ఏ కెర్నెల్‌కి కట్టింది ఆ కెర్నెల్‌కే పనికొస్తుంది. అందుకే డ్రైవరు ఫైళ్ళు కెర్నెల్ నంబరు పేరున్న ఫోల్డర్లలో విడివిడిగా ఉంటాయి. నవంబరులో మింట్ కొత్త కెర్నెల్ తెచ్చుకుంది. కానీ అప్పట్లో నన్ను లోపలికి పంపుతున్నది ఉబుంటు పట్టిక. దానికి కొత్త కెర్నెల్ సంగతి తెలీదు, దసరానాటి పాతదాన్నే లేపుతూ వచ్చింది. ఇప్పుడు సొంత పట్టిక వచ్చేసరికి కొత్త కెర్నెల్ లేచింది. దానికి వైఫై డ్రైవరు కట్టినవాళ్ళు లేరు.

విండోస్‌లో ఉన్న డ్రైవరు ఇటు తెచ్చుకోకూడదా అని అడిగాను. కూడదట. ఒకే చిప్, ఒకే యంత్రం, అయినా అటుది ఇటు పనిచెయ్యదు. ఏ సిస్టమ్‌కి ఆ సిస్టమ్ డ్రైవర్లు విడిగా ఉండాల్సిందే. అచ్చు గురించి మామ్మ చెప్పింది గుర్తొచ్చింది. ఒక లెక్క పోగులకి కట్టిన అచ్చు ఇంకో లెక్క చీరకి రాదు, మగ్గం అదే అయినా సరే.

ఆ రాత్రికి పట్టికలో పాత కెర్నెల్ ఎంచుకుని వైఫైతో పని గడిపాను. తర్వాత అన్నయ్య డ్రైవరుని ‘డీకేఎంఎస్’ అనే పద్ధతిలో మళ్ళీ కట్టించాడు. ఇక కొత్త కెర్నెల్ వచ్చినప్పుడల్లా డ్రైవరు దానంతటదే మళ్ళీ కట్టుకుంటుంది.

ఫోను పెట్టేసేముందు అడిగాను. “అన్నయ్యా, నీ దాంట్లో ఏమైనా ఉన్నాయా?”

“ప్రాజెక్టులన్నీ తెచ్చేసుకున్నాను. ఫైనలియర్ ఫొటోలు కొన్ని ఉండేవి.”

నాకు మాట రాలేదు. మూడు రోజులుగా మామ్మది పోలేదు కదా, పోలేదు కదా అనుకుంటున్నాను. అన్నయ్యది పోయిందా అని ఒక్కసారి కూడా అనుకోలేదు. నాకు అక్కర్లేదు కాబట్టి ఎవరికీ అక్కర్లేదనుకున్నాను.

“అడిగుంటే చెప్పేవాణ్ణి కదే” అన్నాడు. కోపంగా కాదు. “సరేలే. ముక్క తీసేస్తే పోయేది పట్టికలో దాని పేరూ హద్దులూ మాత్రమే. లోపలి రాత వెంటనే పోదు. దాని మీద ఇంకేదైనా రాస్తేనే పోతుంది. సంక్రాంతికి వస్తాను. అప్పటిదాకా ఆ ఖాళీ చోట ఏమీ పెట్టకు, ఎవరినీ ముట్టుకోనివ్వకు.”

అప్పుడు గుర్తొచ్చింది షాపు. నేను తీసింది నిజంగా మామ్మదే అయినా, శనివారానికి అది ఇంకా డిస్కు మీద ఉండేదన్నమాట. అక్కడ ఊఁ అనుంటే పోయేది.

సోమవారం సాయంత్రం ఆరింటికి మామ్మకి ఇయర్‌ఫోన్లు పెట్టాను. ఒక చెవిలో తనకి, ఒక చెవిలో నాకు. ఏ రికార్డింగు అని అడిగితే పట్టించుకోలేదు, ఏదో ఒకటి నొక్కాను. పదిహేడోది. వేసవిలో రికార్డు చేసినప్పుడు నేను సగం నిద్రలో ఉన్నాను, వెనకాల ఫ్యాను చప్పుడు.

“చీరలు అయిపోయినాక పాత పడుగు మొత్తం కోసి పారెయ్యకూడదే అమ్మీ. కొసలు అచ్చులోనే ఉంచాల. కొత్త పడుగు తెచ్చి, పాత పోగు కొసకి కొత్త పోగు కొస, ఒక్కొక్కటే అతకాల. అంతా అతికినాక మెల్లగా లాగితే కొత్తది అచ్చులోకి దానంతటది వస్తాది. తొందరపడి ముందే కోసేసినావా, మళ్ళీ మొదట్నుంచి ఒక్కో పోగూ అచ్చులోకి ఎక్కించుకుంటా కూకో. మీ తాత కొత్తలో ఒకసారి కోసేసినాడు. రెండు రోజులు అన్నం సరిగ్గా తిన్లేదు.”

అచ్చు అతకడం అంటారు దాన్ని. నా ప్రాజెక్టు మాటల పట్టికలో ఉంది, అర్థం కూడా నేనే రాశాను. రాసినప్పుడు ఒక మాటకి అర్థం రాశాననే అనుకున్నాను.

మామ్మ ‘ఊఁ’ కొట్టింది. తాత అన్నం మాట దగ్గర నవ్వింది. నేను మూడు రోజుల సంగతీ అప్పుడు చెప్పాను, చార్జింగ్ అబద్ధంతో సహా. ఎంత అర్థమైందో తెలీదు. ఎడమ చేత్తో నా నెత్తి మీద ఒకటి మొట్టింది.

సంక్రాంతికి అన్నయ్య వచ్చాడు. ‘టెస్ట్‌డిస్క్’ అనే ప్రోగ్రామ్‌తో డిస్కంతా వెతికితే, పోయిన ముక్క హద్దులు దొరికాయి. తిరిగి పట్టికలో రాస్తే అయిదో ముక్క మళ్ళీ వచ్చింది, ఫొటోలతో సహా. తన పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించుకుని, “ఇప్పుడు తీసెయ్యి” అని లాప్‌టాప్ నా వైపు తిప్పాడు. ఈసారి వరసగా చేశాను. చీటీ ఎవరి పేరున ఉందో చూశాను. మింట్ సొంత గుమ్మంలోంచి లేస్తోందో లేదో రెండుసార్లు ఆపి వేసి చూశాను. అప్పుడు తీశాను.

ఇప్పుడు లాప్‌టాప్ మూతకి లోపల ఒక కాగితం అంటించి ఉంది. ఎన్నో ముక్క, ఎంత సైజు, ఎవరిది, లోపల ఏముంది - తెలుగులో రాసి పెట్టాను. విండోస్‌లో ‘ఫాస్ట్ స్టార్టప్’ ఆపేశాను. అది ఉంటే విండోస్ పూర్తిగా పడుకోదు, సగం కునుకు తీస్తుంది, ఆ సమయంలో దాని ముక్కలో లినక్స్ నుంచి ఏదైనా రాస్తే పాడవుతుంది. గడియారం కూడా ఇద్దరికీ ఒకే లెక్క చెప్పాను. అన్నిటికంటే ముఖ్యం, మామ్మ 43 రికార్డింగులు ఇప్పుడు మూడు చోట్ల ఉన్నాయి: నా దగ్గర, అన్నయ్య దగ్గర, మేడమ్ ఒప్పుకుని మన డిపార్ట్‌మెంట్ కంప్యూటర్లో.

ఆ కంప్యూటర్లో ‘ఇంటి గొంతులు’ అని ఒక ఫోల్డరు పెట్టాం. ప్రస్తుతం అందులో మా మామ్మ ఒక్కర్తే ఉంది. మీ ఫోనుల్లో మీ అమ్మమ్మలవీ మామ్మలవీ పాటలో, తిట్లో, కథలో ఉంటాయి కదా. చోటు చాల్లేదని తీసేసేముందు ఒకసారి పట్టుకొచ్చి అందులో వెయ్యండి. కింది వరస అల్మారా పక్కన ఉన్నదే ఆ కంప్యూటరు. ఆన్ చెయ్యగానే పట్టిక వస్తుంది, రెండో వరుస ఎంచుకోవాలి. నల్ల తెర వస్తే కంగారుపడకండి, నన్ను పిలవండి.